రెండు ఓహెలోలు, ఒక చెంచా

మా అమ్మమ్మ టూటూ కపేకా చెంచా ముంచి, రుచి చూసి, తల ఊపందే మా బంధువుల్లో ఏ విందూ మొదలవదు. అమ్మమ్మ వరసవాళ్లని మేం టూటూ అంటాం. ఆ చెంచా నల్లటి చెక్కది. ఆవిడ అత్తగారు ఇచ్చింది. వాడి వాడి కొస ఒక పక్కకి అరిగిపోయింది. పెళ్లయినా, పిల్లల చదువు పూర్తయిన వేడుకైనా, ఎవరైనా పోయాక పెట్టే భోజనమైనా సరే, గొయ్యిలో కాల్చిన పంది మాంసం నుంచి చామదుంప ముద్ద పోయ్ దాకా అన్నీ ముందు ఆ చెంచా ఎక్కాలి. మూడు వందల మంది పళ్లాలు పట్టుకుని నించున్నా ఆవిడకి తొందరుండదు. "ఉప్పు తక్కువైంది" అందంటే, ఎంతటి మీసాల మొనగాడు వండినా నోరెత్తకుండా వెళ్లి ఉప్పు తెచ్చుకోవలసిందే. మా ఆయన ఆల్విన్ పెళ్లయిన కొత్తలో ఒకసారి ఎదురు చెప్పాడు. ఆ కథ ఇప్పటికీ అందరూ చెప్పుకుని నవ్వుతారు, ఆయన తప్ప.

మొన్న జనవరిలో టూటూకి పెద్ద జలుబు చేసింది. పది రోజులు మంచం దిగలేదు. జలుబు పోయింది కానీ పోతూ పోతూ నాలుక మీది రుచిని కూడా వెంట తీసుకుపోయింది. హిలో పట్నంలో డాక్టరు ఎనభై రెండేళ్ల వయసులో అది తిరిగి రాకపోవచ్చని మెల్లగా చెప్పాడు. ఆ మాట విన్నది టూటూ, నేను, ఇద్దరమే. నేను బడి బస్సు తోలుతాను కాబట్టి ఎవరిని ఎక్కడికి తీసుకెళ్లాలన్నా మా ఇంట్లో నా పేరే ముందు గుర్తొస్తుంది. తిరిగి కారు దగ్గరికి వచ్చాక టూటూ తలుపు తీయనివ్వలేదు. నా చెయ్యి పట్టుకుంది.

"ఉలూ, ఈ ముక్క నీ నోరు దాటిందంటే చెంచా లాగేసుకుంటారే. ఆ తర్వాత నన్ను కుర్చీలో కూలేసి, మెళ్లో పూలదండ వేసి, పక్కన నించుని ఫొటోలు దిగుతారు. ఫొటోలో ముసలమ్మని నేనవ్వను."

నేను ఒట్టు వేశాను. నా నోటికి తాళం లేదని ఊరంతా అంటారు. నాకు కోపం కూడా ఎక్కువే, కోపంలో మాట ఆగదు. అయినా ఆ ఒక్క ఒట్టూ నిలబెట్టుకున్నాను, ఎందుకంటే ఆవిడ కళ్లల్లో భయం చూడడం నాకదే మొదటిసారి.

ఇక అక్కణ్నుంచి ఆవిడ నాలుక నేనే. విందు ఎక్కడున్నా పక్కనే నించుని, ముందుగా వంటింట్లో రుచి చూసి వచ్చి, ఆవిడ చెంచా నోట్లో పెట్టుకునే సమయానికి మోచెయ్యి నొక్కేదాన్ని. ఒక నొక్కు అంటే ఉప్పు తక్కువ, రెండంటే బాగుంది, గిల్లితే పులిసిపోయింది. మా పెదనాన్న కొడుకు పెళ్లిలో పొరపాటున రెండు నొక్కులూ మరీ గట్టిగా నొక్కేసరికి ఆవిడ "బాగుంది కానీ మోటుగా ఉంది" అని తీర్పు చెప్పింది. అందరూ అదేదో లోతైన మాటలా తలలు ఊపారు.

ఇదిలా ఉండగా సెప్టెంబరులో నా కూతురు నొహేయా మొదటి పుట్టినరోజు వచ్చింది. మొదటి పుట్టినరోజంటే మాకు పెళ్లి కన్నా పెద్దది. మా పెరట్లో టార్పాలిన్లు కట్టి ఇరవై బల్లలు వేయాలి, బల్లకొక సీసా చొప్పున టూటూ కపేకా చేసిన ఓహెలో పండ్ల జామ్ పెట్టాలి. నా పుట్టినరోజుకీ అదే పెట్టారు, మా అమ్మ పుట్టినరోజుకీ అదే. ఈసారి మరొకరి చేత చేయిద్దామా అని మా పిన్ని ఒకావిడ మంచికే అంది. టూటూ ఆవిడ వైపు చూసిన చూపుకి పిన్ని ఆ మాట అప్పుడే మింగేసింది.

ఓహెలో మా కొండ మీద పొదలకి కాసే చిన్న పండు. అందులో మాకు రెండు రకాలు. ఆ రెంటి పేరు చెబితే మా బంధువులంతా రెండు పక్షాలు. ఒకటి లావా ఓహెలో. చల్లారిన లావా బండల మీద, పగుళ్లలో, మోకాలి ఎత్తుకి మించకుండా పెరుగుతుంది. రెండోది అడవి ఓహెలో. వాన ఆగని చోట ఫెర్న్ చెట్ల మధ్య మనిషెత్తు పెరిగి, కొమ్మలు మొహానికి తగిలేలా వేలాడుతుంది. లావా పండు కోయాలంటే నడుం విరగాలి. అడవి పండు నిలబడి, కబుర్లు చెప్పుకుంటూ కోసుకోవచ్చు. టూటూ కపేకా లావా పక్షం. ఆవిడ చెల్లెలు టూటూ లొకాలియా గ్లెన్‌వుడ్ అడవుల్లోకి కోడలిగా వెళ్లింది, అక్కడ ఇంటి వెనకే ఆ పొదలు ఉండడంతో అడవి పక్షంలో చేరిపోయింది.

"నడుం వంచకుండా చేతికొచ్చేది పండు కాదే, బిచ్చం" అంటుంది అక్క.

"రాయిని నమ్ముకుని మొలిచిందానికి మనసెక్కడిది, అందుకే అంత పిసినారిగా కాస్తుంది" అంటుంది చెల్లెలు.

నలభై ఏళ్లుగా ఇదే. ప్రతి విందుకీ లొకాలియా తన జామ్ సీసా తెచ్చి అక్క ముందు పెడుతుంది. అక్క చెంచా ముంచి, కళ్లు మూసుకుని, "అడవి చేదు" అంటుంది. చెల్లెలు అక్క సీసాలో వేలు ముంచి, "రాతి రుచి" అంటుంది. జనం చప్పట్లు కొడతారు. అప్పుడు గానీ తినడం మొదలవదు. కొత్త అల్లుళ్లు ఇది నిజం దెబ్బలాట అనుకుని కంగారు పడతారు.

విందుకి వారం ముందు టూటూ భోజనాల బల్ల మీద రెండు కొమ్మలు పడేసి నాకు పాఠం చెప్పింది. లావాదాని ఆకు మందంగా, తోలులా ఉంటుంది, లేత చిగురు ఎర్రగా మెరుస్తుంది. అడవిదాని ఆకు పల్చన, పచ్చి ఆకుపచ్చ, అంచంతా సన్నటి పళ్లు. లావా పండ్లలో ఒకే పొద మీద ఎరుపు, నారింజ, పసుపు అన్నీ ఉంటాయి, పైన బూడిద రాసినట్టు పల్చని పొర ఉంటుంది, వేలితో తుడిస్తే పోతుంది. అడవి పండు ఒకటే ఎరుపు, అద్దంలా నిగనిగలాడుతుంది, కింద తోకలా ఆకుపచ్చ రేకులు వదలవు. కొరికితే లావాది తీపి, ఆ వెనక చిన్న పులుపు. అడవిది ముందు పులుపు, మింగాక గొంతులో మిగిలేది చేదు. ఇంత చెప్పి, "రెండూ ఒక తల్లి పిల్లలే అనుకో" అని ఒప్పుకుంది, బలవంతంగా పన్ను పీకించుకున్నట్టు. మీ ఇద్దరిలాగే అన్నాను నేను. కొమ్మ తీసి నా చేతి మీద కొట్టింది.

శుక్రవారం పొద్దున్నే ఇద్దరం కొండ మీదికి బయల్దేరాం. మామూలుగా టూటూ నన్ను అగ్నిపర్వతం గుండం అంచు దగ్గరున్న లావా మైదానానికే తీసుకెళ్తుంది. అక్కడ పద్ధతి ఒకటుంది. ఓహెలో ముందు ఆ గుండంలో ఉండే అగ్నిదేవత పెలే అమ్మది, ఆ తర్వాతే మనది. పండ్లున్న కొమ్మ తుంపి, గుండం వైపు తిరిగి, సగం ఆవిడకి విసిరి, ఇది నీది, ఇది మాది అని చెప్పుకుని అప్పుడు నోట్లో వేసుకోవాలి. ముందే ఒక్క పండు తిన్నా మంచు దిగి దారి కప్పేస్తుంది. మా తాత తమ్ముడొకాయన ఈ మాటకి నవ్వి, పండు తిని, మూడు గంటలు మంచులో తిరిగి తిరిగి ఎవరిదో పందుల దొడ్లో తేలాడట. ఆయన ఆ రోజు ఏం తాగాడో మాత్రం ఎవరూ చెప్పరు.

కానీ ఆ రోజు గుండం దగ్గరికి దారి మూసేశారు. రెండు రోజులుగా పొగ ఎక్కువై, రోడ్డుకి అడ్డంగా గొలుసు కట్టారు. నేను వెనక్కి పోదామన్నాను. టూటూ ఒప్పుకోలేదు. కింద పాత లావా ఒకటుంది, తన చిన్నప్పుడు వెళ్లేవాళ్లమని, అటు తిప్పమంది. నాకు ఒళ్లు మండింది, ఎందుకంటే ఆ దారికి నా కారు తగదు. కానీ తిప్పాను.

ఆ పాత లావా అంచుకి అడవి పాకి వచ్చేసింది. రాయి ఎక్కడ ఆగిందో అడవి ఎక్కడ మొదలైందో చెప్పలేం. టూటూ మోకాళ్లు బాగోలేవు కాబట్టి మడత కుర్చీ వేసి ఆవిణ్ని కారు పక్కన కూర్చోబెట్టి, బకెట్లు పట్టుకుని నేనొక్కదాన్నే వెళ్లాను. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. పొదలు దొరికాయి, పండ్లు విరగకాశాయి, కానీ పొదలు నడుం ఎత్తున్నాయి. టూటూ నాకు మోకాలి ఎత్తు సంగతి చెప్పింది, తల ఎత్తు సంగతి చెప్పింది. నడుం ఎత్తు సంగతి చెప్పలేదు. ఆకు మరీ తోలులా లేదు, మరీ పల్చగానూ లేదు. వానలో చేతికి అన్నీ ఒక్కలాగే తగిలాయి. వంగక్కర్లేదు కదా అని లోలోపల సంతోషించాను కూడా. ఆ సంతోషమే నా తప్పు. నడుం నొప్పి పుట్టకపోతే అనుమానం పుట్టాలని మా ఇంట్లో పుట్టినదానికి తెలియాలి.

ఒక్కటి కొరికి చూసి ఉంటే తేలిపోయేది. కానీ పెలే అమ్మకి ఇంకా పెట్టలేదు. టూటూ కుర్చీలోంచి అరుస్తూనే ఉంది, నోట్లో వేసుకోవద్దని.

రెండు బకెట్లు నిండాక తీసుకొచ్చి ఆవిడ ముందు పెట్టాను. ఒక పండు తీసి వేళ్ల మధ్య దొర్లించి చూసింది.

"బూడిద పొర ఏదే?"

"వానకి కడుక్కుపోయుంటుంది, టూటూ."

ఆ పండు అలవాటుగా పెదాల దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. అమ్మకి పెట్టలేదన్నది ఒక కారణం. రెండో కారణం మా ఇద్దరికే తెలుసు. ఎనభై ఏళ్లపాటు ఏ అనుమానమొచ్చినా నాలుక మీద పెట్టి తేల్చుకున్న మనిషి, ఆ పండుని కాసేపు అలాగే పట్టుకుని, మళ్లీ బకెట్లో వేసేసింది. నేను కుర్చీ మడిచాను.

గొలుసు దగ్గర ఆగి అమ్మ వాటా అక్కడే పెట్టేద్దామంటే టూటూ ససేమిరా అంది. పిలిచిన వాళ్లకి వీధి గుమ్మంలో అన్నం పెట్టి పంపిస్తామా అని అడిగింది. ఒక దోసెడు పండ్లు ఆకులో చుట్టి పక్కన పెట్టింది. దారి తెరిచాక గుండం అంచుకి తీసుకెళ్లి ఇస్తుందట. అప్పటిదాకా కోసినవాళ్లు, వండినవాళ్లు ఈ పండ్లు రుచి చూడకూడదు, జామ్ అయినా సరే. విందుకొచ్చిన వాళ్లకి మాత్రం ఆ తప్పు అంటదట.

అలా మా వంశంలో మొదటిసారి జామ్ రుచి చూడకుండా ఉడికింది. టూటూ పొయ్యి దగ్గర నించుని చెంచాతో కలుపుతూ, బుడగల చప్పుడు విని, చిక్కదనం చూసి, పంచదార కొలత మనసులో లెక్కేసి దింపింది. చూడడానికి అద్భుతంగా ఉంది. అంత ఎర్రగా మా ఇంట్లో జామ్ ఎప్పుడూ రాలేదు. అది చూసి ఆవిడ మొహం వెలిగిపోయింది. జనవరి తర్వాత ఆవిడ అలా నవ్వడం నేను చూడలేదు.

ఆవిడ ఫోను ఎత్తడానికి వెళ్లినప్పుడు నేను గిన్నె అంచుకి అంటుకున్నది వేలితో తీసి నాకాను. అవును, తప్పే. కానీ ఆవిడ నాలుకని నేనే కదా, నా పని నేను చెయ్యాలి కదా అనుకున్నాను.

ముందు పులుపు. మింగాక చేదు. గొంతులో దిగి కూర్చుంది, పోనంటోంది.

చెబితే పెలే అమ్మకన్నా ముందు తిన్నానని చెప్పాలి. అది సరే, తిట్లు తినడం నాకు కొత్త కాదు. కానీ చెబితే ఈ ఇరవై సీసాలూ పారబోయాలి, ఎందుకని అందరూ అడుగుతారు, లావా పండుకీ అడవి పండుకీ తేడా కపేకాకి తెలియకపోవడమేమిటని అడుగుతారు. మర్నాడు మధ్యాహ్నానికల్లా చెంచా మా పిన్ని చేతిలో ఉంటుంది. టూటూ తిరిగొచ్చి ఎలా ఉందని కళ్లతోనే అడిగింది. నేను ఆవిడ మోచెయ్యి రెండుసార్లు నొక్కాను. ఆ తర్వాత ఆవిడ మొహం వైపు చూడడానికి కూడా నాకు సిగ్గేసింది.

శనివారం విందు. ఆల్విన్, వాళ్ల అన్నదమ్ములు తెల్లారకముందే గొయ్యి తవ్వి, రాళ్లు కాల్చి, పందిని అరటి బోదెల మధ్య పడుకోబెట్టారు. మధ్యాహ్నానికి పెరడంతా పొగ వాసన, పూల వాసన. నొహేయా కొత్త గౌనులో, మెడ కదలనంత పూలదండలో ఒక రాణిలా మొదలై, గంట తిరక్కుండానే ఏడుపు లంకించుకుంది. టూటూ కపేకా చెంచా పట్టుకుని పెద్ద కుర్చీలో కూర్చుంది. పక్కన నేను. పంది మాంసానికి ఒక నొక్కు. ఆల్విన్ ఉప్పుకి పరిగెత్తాడు. పోయ్‌కి రెండు నొక్కులు. అంతా సవ్యంగా సాగిపోతోంది. బల్లల మీద ఇరవై సీసాలు ఎండలో ఎర్రగా వెలుగుతున్నాయి.

సరిగ్గా టూటూ లొకాలియా వచ్చి తన సీసా అక్క ముందు పెట్టే సమయానికి నొహేయా నా జుట్టు పట్టుకుని కిందకి వేలాడింది. దాన్ని విడిపించుకుంటూ రెండడుగులు పక్కకి జరిగాను. అంతే, అక్కడికి నా చెయ్యి అందలేదు.

లొకాలియాకి డెబ్భై తొమ్మిదేళ్లు. అక్కకన్నా పొట్టి, అక్కకన్నా నోరెక్కువ. కానీ ఆ రోజు మాట్లాడకుండా నించుంది. ఒక చెయ్యి నడుం మీద వేసుకుని ఉండడం నేను గమనించాను గానీ ఎందుకో ఆలోచించలేదు. సీసా మూత తీసింది. ఆ జామ్ రంగు నాకు వింతగా అనిపించింది. ఎప్పటి ఎరుపు కాదు, కొంచెం నారింజ కలిసి ఉంది.

టూటూ కపేకా చెంచా ముంచింది. కళ్లు మూసుకుంది. జనమంతా ఎదురుచూస్తున్నారు, కొందరు ముందే నవ్వుతున్నారు. నేను బిడ్డని చంకనేసుకుని ముందుకి తోసుకొస్తున్నాను.

"అడవి చేదు" అంది టూటూ.

పెరడంతా గొల్లుమంది. లొకాలియా నవ్వలేదు. అక్క మొహంలోకి చూస్తూ ఉండిపోయింది, ఎంతసేపో. ఆ తర్వాత అక్క సీసా తీసుకుని, వేలు ముంచి, నోట్లో పెట్టుకుంది. ఆవిడ గొంతు కదలడం నాకు కనిపించింది. నలభై ఏళ్లు కోసిన పండు, చీకట్లో పెట్టినా పోల్చుకోగలదు. ఇక అయిపోయిందనుకున్నాను. నిజంగా దేవుణ్ని తలుచుకున్నాను.

"బాగుందక్కా" అంది లొకాలియా. "లావా పండు లావా పండే. నీ చెయ్యి తప్పలేదు."

జనం చప్పట్లు కొట్టాలా వద్దా అని మొహాలు చూసుకున్నారు. అప్పుడెవరో ఉకులేలే మీటారు, ఆల్విన్ మాంసం పళ్లెం ఎత్తాడు, జనం తిండి మీద పడ్డారు. జామ్ ఏమాత్రం మిగల్లేదు. చేదుగా ఉందని ఒక్కరూ అనలేదు. కపేకాది కదా, ఈ ఏడు పండు అలా ఉందేమో అనుకుని ఉంటారు.

లొకాలియా నన్ను వంటింట్లోకి లాక్కుపోయి తలుపు వేసింది. తన సీసా నా మూతికి దగ్గరగా పెట్టింది. నాకాను. తీపి. ఆ వెనక చిన్న పులుపు.

"నీ కూతురి మొదటి పుట్టినరోజని, మా అక్క మెచ్చే పండే తేవాలని, దారి మూయకముందు కొండెక్కి వంగి ఏరానే. ఈ ఒక్కసారైనా బాగుందని దాని నోటంట విందామనుకున్నా. అడవి చేదంది. ఎప్పట్నుంచే ఇది?"

నేను ఒట్టు సంగతి చెప్పబోయాను. నా మొహమే చెప్పేసింది. ఆవిడ తలకిందులుగా ఉన్న బకెట్ మీద కూలబడింది.

"నాకు చెప్పలేదు చూశావా" అంది. కోపంగా కాదు, పసిపిల్లలా. కాసేపటికి కొంగు లేదు కాబట్టి గౌను అంచుతోనే కళ్లు తుడుచుకుని, బయటికెళ్లి అందరికన్నా గట్టిగా పాట అందుకుంది. ఆవిడ మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు. గండం గడిచిందనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే నేను అడుగంటిన గిన్నెలతో కుస్తీ పడుతుంటే టూటూ కపేకా తయారై వచ్చి నించుంది. మంచి గౌను, గట్టి చెప్పులు, చేతిలో ఆకు పొట్లం, సంచీలోంచి చెంచా కొస బయటికి కనబడుతోంది. దారి తెరిచారట, ఫోను చేసి కనుక్కుందట. దారిలో గ్లెన్‌వుడ్‌లో ఆగి లొకాలియాని ఎక్కించుకోమంది.

ఇద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు, మధ్యలో పొట్లం. కొండ పైదాకా ఒక్క మాట లేదు. పన్నెండేళ్లుగా బడి బస్సు తోలుతున్నాను, ఆ మౌనం నాకు బాగా తెలుసు. దెబ్బలాట అయ్యాక కాదు, అయ్యే ముందు వచ్చే మౌనం అది.

పైన మంచు దట్టంగా ఉంది. గుండం అంచున కంచె పట్టుకుని టూటూ నించుంది. కింద ఎక్కడో ఆవిరి బుస కొడుతోంది. పొట్లం విప్పి, సగం పండ్లు దోసిట్లోకి తీసుకుని, గుండం వైపు విసిరింది. ఇది నీది అని చెప్పుకుంది. మిగతా సగం చెల్లెలి ముందు చాపింది.

"నలభై ఏళ్లు రాతి రుచి అన్నావు, లొకాలియా. నిన్న బాగుందన్నావు. అప్పుడే నా గుండె జారిపోయిందే. నువ్వు నా మీద జాలిపడ్డావంటే నా పనైపోయినట్టే. తిను. తిని నిజం చెప్పు."

లొకాలియా నా వైపు చూసింది. నేను మంచు వైపు చూశాను. ఆవిడ ఒక పండు తీసి మెల్లగా నమిలింది.

"చేదు. అడవి పండు. అందులోనూ సరిగ్గా పండలేదు" అంది.

టూటూ కపేకా నవ్వింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది. కంచె పట్టుకుని, కళ్లెంట నీళ్లు కారుతుంటే, హమ్మయ్య హమ్మయ్య అంటూ నవ్వింది. ఆ నీళ్లు అన్నీ నవ్వువి కావని మాకు తెలుసు. నవ్వు ఆగాక అడిగింది.

"మరి నిన్న నీ సీసాలోది?"

"తీపి. లావాదే. నేనే ఏరాను."

"నువ్వు వంగావా?"

"వంగాను. ఇంకా లేవలేదు" అని నడుం పట్టుకుంది లొకాలియా.

టూటూ సంచీలోంచి చెంచా తీసి చెల్లెలి చేతిలో పెట్టింది. తనకెందుకు ఈ వంకర చెంచా అని లొకాలియా చెయ్యి వెనక్కి లాక్కుంది. టూటూ ఆ చెయ్యి పట్టి లాగి, వేళ్లు మూసింది.

"ముంచేది నువ్వు. తల ఊపేది నేను. నాకు అబద్ధం చెప్పని నాలుక నీదొక్కటే ఉంది, అది కూడా నిన్న పోయిందేమోనని భయపడి చచ్చాను."

అది విన్నాక నాకు తేలు కుట్టినట్టయింది. నేను కూడా అబద్ధం చెప్పాను కదా, మోచేతితో. అక్కడే కక్కేశాను, గిన్నె నాకిన సంగతి, రెండు నొక్కుల సంగతి, అంతా. తిట్టడం మొదలుపెడితే సాయంత్రమవుతుందని కారు తాళాలు కూడా జేబులో వేసుకున్నాను.

చుట్టూ ఉన్న మంచుని టూటూ చేత్తో చూపించి, "అదే అనుకున్నా, ఎవత్తో ముందే తినేసుంటుందని" అంది. అంతటితో వదిలేసింది.

కొండ దిగుతుంటే వెనక సీట్లో దెబ్బలాట మొదలైంది. నడుం ఎత్తు పొదల్లో కాసింది ఏ ఓహెలో అని. రెండూ కలిసి పుట్టిందని ఒకరు, కలిసినా పోలిక అడవిదేనని ఇంకొకరు, చేదంతా మీ వైపుదేనని మళ్లీ మొదటివారు. అద్దంలో చూశాను. చెంచా లొకాలియా ఒళ్లో ఉంది, దాని మీద టూటూ కపేకా చెయ్యి ఉంది. మంచు ఇంకా విడలేదు, అందుకని బండి మెల్లగా తోలాను.